కీమో తర్వాత కీళ్ళ నొప్పులకి ఆక్యుపంక్చర్ చేయించవచ్చా? మా అత్తయ్యగారి అనుభవం

మీరు అడిగినవి రెండు ప్రశ్నలండీ. మీ అమ్మగారికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, కీమో అయిపోయి ఇప్పుడు క్యాన్సర్ మళ్ళీ రాకుండా లెట్రోజోల్ అనే బిళ్ళ వేసుకుంటున్నారు, పొద్దున్న లేస్తే వేళ్ళు ముడవడం లేదు, మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ఆక్యుపంక్చర్‌తో తగ్గుతుందా అన్నది ఒకటి. ఒంట్లో మిగిలిపోయిన కీమో విషాన్ని సూదులు లాగేస్తాయి, ఆ తర్వాత బిళ్ళతో పనే లేదని అమలాపురంలో ఎవరో చెప్పారట, నిజమేనా అన్నది రెండోది. రెండోదానికి జవాబు ఒక్క ముక్క: కాదు. మొదటిదే కాస్త తీరిగ్గా చెప్పాలి.

మాది రాజోలు వైపు. మా అత్తయ్యగారిదీ అచ్చం ఇదే వరస. కీమో అయ్యి, లెట్రోజోల్ మొదలుపెట్టిన కొన్నాళ్ళకి చేతివేళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. ఆవిడ ఊహ తెలిసినప్పటి నుంచీ లేసు అల్లుతారు, పుట్టిల్లు నరసాపురం పక్కనే. కొక్కెం సూది పట్టుకుని నాలుగు గొలుసులు అల్లేసరికి బొటనవేలి మొదట్లో పోటు వచ్చేసేది. దారం ఉండ తీసి బీరువాలో పెట్టేశారు. తర్వాత బిళ్ళ కూడా మానేస్తానని మొదలుపెట్టారు. "రోగం పోయింది కదే, ఇంకా ఈ మందెందుకు, ఇదే నన్ను తినేస్తోంది" అని రోజూ గొడవ. నొప్పి కంటే నాకు ఆ మాటే ఎక్కువ భయమేసింది.

ఎందుకంటే ఆ బిళ్ళ మానేస్తే క్యాన్సర్ తిరగబెట్టే భయం ఉంది. పైగా ఈ నొప్పి పాత కీమో వల్ల మిగిలిన విషం కాదు. కీమో మందుల్ని కాలేయం, మూత్రపిండాలు చాలావరకు కొద్దిరోజుల్లోనే బయటికి పంపేస్తాయి. నెలల తర్వాత సూది గుచ్చి లాగడానికి అక్కడేమీ ఉండదు. మెనోపాజ్ దాటినవాళ్ళ ఒంట్లో తయారయ్యే కాస్త ఈస్ట్రోజెన్‌ని కూడా లెట్రోజోల్ ఆపుతుంది, దాని పనే అది. ఆ హార్మోను తగ్గితే కీళ్ళు పట్టేస్తాయి. అంటే ఇవాళ వేసుకున్న 2.5 మిల్లీగ్రాముల బిళ్ళ తన పని తాను చేస్తుంటే వచ్చే నొప్పి ఇది. సాధారణంగా ఐదేళ్ళు, కొందరికి ఇంకా ఎక్కువకాలం వాడమంటారు. నొప్పి భరించలేక మధ్యలో మానేసేవాళ్ళు చాలామంది ఉంటారని మా డాక్టరుగారే చెప్పారు. ఆక్యుపంక్చర్ వల్ల మాకు దక్కిన లాభం ఏమిటంటే, ఆవిడ బిళ్ళ మానలేదు. అంతే, కానీ అది చిన్నదేం కాదు.

నమ్మకం కుదరక నేను ముందు కొంచెం చదివాను. 2018లో జామా అనే వైద్య పత్రికలో అమెరికా పరీక్ష ఒకటి వచ్చింది. ఈ జాతి బిళ్ళలే వాడుతూ కీళ్ళ నొప్పులున్న 226 మంది ఆడవాళ్ళని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి అసలు ఆక్యుపంక్చర్, ఇంకో గుంపుకి ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, మూడో గుంపుకి ఏదీ లేదు. మొదటి ఆరు వారాలు వారానికి రెండుసార్లు, తర్వాత ఆరు వారాలు వారానికోసారి. పదికి ఇంత అని కొలిచే నొప్పి, అసలు సూదులు వేసినవాళ్ళకి రెండు పాయింట్లు తగ్గితే మిగతా రెండు గుంపులకీ ఒక పాయింటు దగ్గర తగ్గింది. ఈ ఒక్క పాయింటు ఏపాటి అని పెదవి విరిచేవాళ్ళున్నారు. వాళ్ళ మాటా కొట్టిపారేయలేం. కానీ 2022లో అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం మరో సంస్థతో కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఈ రకం కీళ్ళ నొప్పికి ఆక్యుపంక్చర్ సూచించాలని చెప్పారు. అందుకే మా డాక్టరుగారిని అడిగితే రక్తపరీక్ష చూసి, తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ బాగానే ఉన్నాయి, వెళ్ళండి, బిళ్ళ మాత్రం ఒక్కరోజు కూడా ఆపొద్దు అన్నారు.

మొదట వెళ్ళినచోట మాకు పడలేదు. పేరెందుకులెండి. ఫైలు తెరవకుండానే "ఇంగ్లీషు మందులన్నీ ఆపేయండి, మూడు నెలల్లో ఒళ్ళంతా శుభ్రం చేసేస్తాను" అన్నాడాయన. చెప్పులేసుకుని వచ్చేశాం. రెండోసారి చించినాడ వంతెన దాటి అటువైపు బీఎన్‌వైఎస్ చదివిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. అది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళ ప్రకృతి వైద్యం డిగ్రీ, అందులో ఆక్యుపంక్చర్ కూడా నేర్పుతారు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "ఆపరేషన్ ఏ వైపు, చంకలో గ్రంథులు తీశారా?" అని. ఆ ప్రశ్న వినగానే నాకు సగం ధైర్యం వచ్చింది. గ్రంథులు తీసిన వైపు చేతికి బీపీ పట్టీ వద్దంటారు, ఇంజెక్షన్ వద్దంటారు కదా, సూదులూ అంతే. ఆ చేతికి వాపు వస్తే తగ్గడం చాలా కష్టం. మా అత్తయ్యగారికి ఎడమ చెయ్యి పూర్తిగా వదిలేసి కుడిచేతికీ కాళ్ళకీ మాత్రమే వేశారు.

సూదులంటే మీరు భయపడేంత ఏమీ లేదండీ. ఇంజెక్షన్ సూదిలా బోలుగా ఉండదు, వెంట్రుక కంటే కాస్త మందం. సీలు ఉన్న ప్యాకెట్టు మన కళ్ళముందే చింపి, సన్నటి గొట్టంలో పెట్టి వేలితో టక్కున తట్టారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకటి, మోకాలిచిప్ప కింద నాలుగు వేళ్ళ దూరంలో ఒకటి, ఇలా. "చీమ కుట్టినట్టుందే" అన్నారు అత్తయ్యగారు. కాసేపటికి "ఇప్పుడు బరువుగా లాగుతోంది" అంటే, డాక్టరమ్మ తలూపి అలాగే ఉండాలన్నారు. అరగంట కదలకుండా పడుకోవాలి. మా అత్తయ్యగారు గుర్రుపెట్టి నిద్రపోయేవారు. ఇంట్లో పడుకోమంటే పడుకోని మనిషి! ఆ విశ్రాంతికి కూడా తగ్గినదాంట్లో వాటా ఉందనే నా అనుమానం. ఉంటే ఉండనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

రెండో వారానికి ఏమీ తేడా లేదు. నెల దాటాక, పొద్దున్నే కాఫీ గ్లాసు రెండు చేతులతో కాకుండా ఒక చేత్తో పట్టుకోవడం చూశాను. బీరువాలోంచి దారం ఉండ కూడా బయటికొచ్చింది. ముందులా గంటలు గంటలు కాదు, టీవీ సీరియల్ ఒకటి అయ్యేదాకా అల్లుతారు, ఆపుతారు. మోకాళ్ళకి వేళ్ళంత గుణం కనపడలేదు. సాయంత్రం కాలవగట్టు మీద నడక మొదలుపెట్టాకే అవి తేలికపడ్డాయి. వ్యాయామం కూడా ఈ నొప్పికి మంచి మందేనండీ, పైసా ఖర్చు లేనిది. అప్పటికీ తగ్గకపోతే అదే జాతిలో వేరే బిళ్ళకి మార్చే వీలుంటుంది, డాక్టరుని అడగండి.

అరికాళ్ళ తిమ్మిరికి మాత్రం సూదులు మాకు పనిచేయలేదు. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు వల్ల నరాలు దెబ్బతిని వచ్చేది అది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. డాక్టరు రాసిన డ్యులాక్సెటిన్ అనే నరాల నొప్పి మందుతో మంట కొంత తగ్గింది, మిగతాది కాలం మీద తగ్గుతూ వస్తోంది. అమ్మగారికి కూడా తిమ్మిరి ఉంటే, అంతర్వేది తీర్థంలో అమ్మే ముళ్ళ ఆక్యుప్రెషర్ చెప్పులు మాత్రం కొనిపెట్టకండి. స్పర్శ లేని కాలికి పుండు పడినా తెలియదు, ఇక షుగరు కూడా ఉంటే చెప్పక్కర్లేదు.

ఖర్చు గురించి: ప్రతి సిట్టింగుకీ చేతినుంచే కట్టాం. మొత్తం ప్యాకేజీ ముందే కట్టమంటే ఒప్పుకోకండి. ఆరు వారాలు చూసి, ఏ మార్పూ లేకపోతే ఆపేయండి. వెళ్ళేరోజు ఏదో ఒకటి తినిపించి తీసుకెళ్ళండి, ఖాళీ కడుపున కొందరికి కళ్ళు తిరుగుతాయి. రక్తం పలచబడే మందులేమైనా వాడుతుంటే సూది వెయ్యకముందే చెప్పండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: నొప్పి అన్ని కీళ్ళకీ కాకుండా నడుములోనో, వెన్నులోనో, తుంటిలోనో ఒక్కచోటే కొత్తగా మొదలై, పడుకున్నా తగ్గక రాత్రిళ్ళు ఎక్కువవుతుంటే, ఆక్యుపంక్చర్ అపాయింట్‌మెంట్ వాయిదా వేసి ముందు క్యాన్సర్ డాక్టరుకి చూపించండి.