మంచు సముద్రం దగ్గర తేలిన బావి

ప్రశ్న: మా అమ్మాయి నరసరావుపేటలో బీఎస్సీ కంప్యూటర్స్ రెండో ఏడు చదువుతోంది. మొన్న సెలవుల్లో మా ఊరి చుట్టుపక్కల పాత బావులన్నిటినీ ఇంటర్నెట్ మ్యాపు మీదికి ఎక్కించింది. బావి మీద నొక్కితే ఫొటో వస్తుంది, దాని కథ మా అమ్మ గొంతులో వినిపిస్తుంది. ఒక బావి మాత్రం ఎక్కడో ఉత్తర ధ్రువం దగ్గర కనిపిస్తోంది! ఇదే ఉద్యోగంగా చేసుకుంటానంటోంది. నచ్చజెప్పి బ్యాంకు కోచింగ్‌లో చేర్చమంటారా?
– ఒక తండ్రి, పల్నాడు జిల్లా

జవాబు: అయ్యా, ముందు ఆ తప్పిపోయిన బావి సంగతి చూద్దాం. నరసరావుపేట అక్షాంశం దాదాపు 16.2, రేఖాంశం 80. ఈ రెండూ తారుమారైతే చుక్క పోయి ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర పడుతుంది. చోట్ల వివరాలు దాచే జియోజేసన్ ఫైలులో రేఖాంశం ముందు రాయాలి. మ్యాపును తెర మీద చూపించే లీఫ్‌లెట్ అనే సాఫ్ట్‌వేర్‌లోనేమో అక్షాంశం ముందు. బావులన్నీ కట్టగట్టుకుని పోయి ఉంటే తప్పు అక్కడ జరిగిందనుకోవచ్చు. ఒక్కటే పోయింది కాబట్టి చేత్తో ఎక్కించేటప్పుడు ఆ వరుసలో అంకెలు అటూ ఇటూ అయ్యాయి. మీ అమ్మాయిని దాన్ని సరిచేసి, ఎలా పట్టుకుందో రెండు ముక్కలు రాసి పెట్టుకోమనండి. ఇంటర్వ్యూలో నేనైతే ఆ రెండు ముక్కలే అడుగుతాను.

ఎందుకంటే ఈ కంప్యూటర్ మ్యాపుల రంగంలో సింహభాగం పని ఇలాంటి చిక్కులు విప్పడమే. ఒక జాబితాలో కొత్తపల్లి, ఇంకోదానిలో కొత్తపల్లె. రెండూ ఒకే ఊరా, వేరువేరా తేల్చనిదే మ్యాపు ముందుకు కదలదు.

ఇక ఇది ఆటా, వృత్తా అన్నది. 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చిన కొద్ది నెలలకే పాల్ రాడెమాకర్ అనే ఆయన క్రెయిగ్స్‌లిస్ట్ అనే ప్రకటనల వెబ్‌సైటులోని అద్దె ఇళ్ల వివరాలను తెచ్చి ఆ మ్యాపు మీద చుక్కలుగా పరిచారు. అప్పుడాయన పని యానిమేషన్ స్టూడియోలో. మ్యాపును అలా వాడుకునే వీలు గూగుల్ ఇంకా అధికారికంగా ఇవ్వనే లేదు. తర్వాత ఆ సంస్థే ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకుంది. 2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చినప్పుడు ఎక్కడెక్కడి వాళ్లో ఇళ్లలో కూర్చుని, ఉపగ్రహ చిత్రాలు చూస్తూ ఆ దేశ రాజధాని పోర్టోప్రిన్స్ వీధులను, ఎవరైనా చేర్చగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ అనే ఉచిత మ్యాపులో గీశారు. సహాయక బృందాలు ఆ మ్యాపు పట్టుకునే తిరిగాయి. ఈ రెండు మ్యాపులూ అందంగా ఉన్నందుకు కాదు, ఎవరికో కావలసిన జవాబు చెప్పినందుకు నిలిచాయి.

మీ అమ్మాయి మ్యాపులో కథ ఉంది, ప్రశ్న ఇంకా లేదు. వేసవిలో ఒకసారి, వానలు వెలిశాక మరోసారి తాడు వదిలి ప్రతి బావిలో నీటి లోతు కొలవమనండి. ఏ బావి ఊరుతోంది, ఏది ఎండిపోతోందో మ్యాపే చెబుతుంది. అవ్వ గొంతు మాత్రం తీసేయవద్దు. ఆ ఆలోచన నాకు ఎంతో నచ్చింది.

నేర్చుకోవలసినవి: డబ్బు కట్టనక్కరలేని మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్, ప్రోగ్రాములు రాసే పైథాన్ కొంత, డేటాబేస్‌ల నుంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్. లెక్కలు వదలకూడదు. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ (ఉపగ్రహ చిత్రాల చదువు చెప్పే ఇస్రో సంస్థ) ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది, వాటితో మొదలుపెట్టవచ్చు. డిగ్రీ అయ్యాక జియోఇన్ఫర్మాటిక్స్‌లో (మ్యాపులు, కంప్యూటర్లు కలిసిన చదువు) ఎం.ఎస్సీ సరైన దారి. ఉపగ్రహ చిత్రాలను అందించే ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ హైదరాబాద్‌లోనే ఉంది. 2009లో వచ్చిన భువన్ మ్యాపుల వేదిక ఇస్రోదే.

ఒకటి దాచకుండా చెబుతాను. హైదరాబాద్‌లో ఈ రంగపు కంపెనీలు చాలానే ఉన్నా, తొలి ఉద్యోగం తరచుగా రోజంతా తెర మీద రోడ్లు, ఇళ్ల హద్దులు గీసే పనే. విసుగ్గా ఉంటుంది. ప్రోగ్రామింగ్ రానివాళ్లు అక్కడే ఏళ్లు గడిపేయడం చూశాను. ప్రభుత్వ ప్రాజెక్టుల్లోనేమో చాలా కొలువులు ఒప్పందం ఉన్నన్నాళ్లే.

బ్యాంకు కోచింగ్ మాట మూడో ఏడు చివర్లో మాట్లాడుకోండి. అప్పటికి నీటి లోతుల మ్యాపు పూర్తి కాకపోతే మీ మాటే నెగ్గనివ్వండి. ఈలోగా ఆ కొలతలకు మాత్రం ఆమెను ఒంటరిగా పంపకండి. పాతబావుల గట్లు నమ్మేవి కావు, మీరూ తోడు వెళ్లండి.