పూల అల్లికా, పూల కుట్టా?

సందేహం: మా అమ్మాయి పాత చొక్కాలు కొని, వాటిపై క్రాస్ స్టిచ్‌తో పూలు వేసి అమ్ముతోంది. 'పూల అల్లికతో వాడిన చొక్కాలు' అని అట్టముక్క మీద రాసి పెట్టింది. అల్లిక అనకూడదని ఒకరన్నారు. 'కుట్టిన చొక్కాలు' అంటే దర్జీ కుట్టినవనుకోరా? ఏది సరైనది?

సమాధానం: 'అల్లిక' ఇక్కడ పొసగదు. పోగును పోగుతోనో, పాయను పాయతోనో పెనవేసి ఒక వస్తువును తయారుచేయడం అల్లడం; జడ, బుట్ట, స్వెటర్ అల్లుతాం. నరసాపురం లేసుకు అల్లిక అన్న పేరు తగినది, ఎందుకంటే అక్కడ కింద గుడ్డ ఉండదు, క్రోషే సూది తిరిగినకొద్దీ దారమే లేసుగా రూపుకడుతుంది. కుట్టడానికి మాత్రం మొన గుచ్చుకోవాలి. చెవులు కుట్టినా, విస్తరి కుట్టినా, ఆఖరికి తేలు కుట్టినా ఆ క్రియలో ఉన్నది అదే. మీ అమ్మాయి సూది గళ్ల చొక్కాలో ఒక గడి మూలన పైకి వచ్చి, ఎదుటి మూలన కిందికి దిగి, మిగిలిన రెండు మూలల మధ్య మొదటి గీతను దాటుతూ మరో గీత వేస్తుంది. అంతకుముందే ఉన్న గుడ్డను గుచ్చి చేసే పని కాబట్టి అది కుట్టే.

దర్జీ కుట్టాడనుకుంటారన్న మీ అనుమానం సమంజసమైనదే. 'చొక్కా కుట్టింది' అన్నప్పుడు చొక్కా కర్మ అవుతుంది, అంటే గుడ్డ కత్తిరించి దానిని తయారుచేసిందని అర్థం. 'చొక్కాపై పూలు కుట్టింది' అంటే కర్మ పూలు, చొక్కా వాటికి ఆధారం. కుట్టినదేమిటో చెబితే చాలు, తికమక ఉండదు.

కర్ణాటకలోని ధార్వాడ ప్రాంతపు కసూతి అనే సంప్రదాయ కుట్టుపనిలో ఈ కుట్టును మెంతుల పేరుతోనే పిలుస్తారు. ఆ ముచ్చటైన పేరు మనకూ ఉంటే బాగుండునని నాకనిపిస్తుంది గాని, కొనేవారికి వెంటనే తెలిసేది 'క్రాస్ కుట్టు'. ఇంగ్లీషు మాట పక్కన తెలుగు మాట చేరిందని సంకోచించనక్కరలేదు, 'రైలుబండి' అలా వచ్చినదే.

అట్టముక్క మీద నన్ను ఎక్కువ ఇబ్బందిపెట్టినది 'వాడిన' అన్న మాట. వాడు అంటే ఉపయోగించు అనీ, వడలిపోవు అనీ రెండర్థాలున్నాయి. పక్కనే 'పూల' అని ఉండటంతో చదివేవారి మనసు రెండో అర్థం వైపే పోతుంది. 'విడిచిన బట్టలు' అంటే ఉతకవలసినవి, 'మారుబట్టలు' అంటే మార్చుకోవడానికి వెంట తీసుకెళ్లేవి. ఇక్కడ 'పాత' అనే మాటే నిక్కచ్చిగా ఉంటుంది. 'క్రాస్ కుట్టుతో పూలు వేసిన పాత చొక్కాలు' అని రాయించండి.