పుట్టగొడుగుల గదికి ఫ్యాన్ కంటే ముందు కిటికీ సంగతి చూడండి

మీ ప్రశ్న ఇది: "ఒంగోలులో మా మేడ మీద 10×12 గది ఖాళీగా ఉంది. అందులో పుట్టగొడుగులు పెంచుదామనుకుంటున్నాను. ఎన్ని అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాలి?"

మాది కందుకూరు. సరిగ్గా అదే కొలత గది మా ఇంటి వెనకవైపు ఉంది. ఒకప్పుడు వడ్లు పోసుకునేవాళ్లం. ఇప్పుడు చలికాలంలో ముత్యపు చిప్ప, ఎండాకాలంలో పాల పుట్టగొడుగులు అందులోనే పెంచుతున్నాను. మొదట్లో నేనూ ఇదే ప్రశ్న అడిగాను. తెలిసినవాడినని చెప్పుకున్న ఒకాయన "12 అంగుళాలది వేయండి, మళ్లీ చూసుకోనక్కర్లేదు" అన్నాడు. దానివల్ల ఒక్క రాత్రిలో ఒక కాపు దాదాపు మొత్తం పోయింది. అందుకే మీ ప్రశ్న చూడగానే కూర్చుని ఇంత రాస్తున్నాను.

దానికి ముందు కాపులో చేసిన తప్పు దీనికి పూర్తిగా వ్యతిరేకం. శిక్షణలో తేమ 80 నుంచి 90 శాతం ఉండాలని పదిసార్లు చెప్పారు. గాలి గురించి ఒక్కసారి చెప్పి వదిలేశారు. నేను తేమ పోకూడదని కిటికీలకు పాలిథిన్ కవర్లు కొట్టి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాను. ముత్యపు చిప్పలు వచ్చాయి కానీ కాడలు మునక్కాయల్లా సాగాయి, పైన గొడుగు చొక్కా గుండీ అంత ఉంది. బజారులో తీసుకునే ఆయన "ఏందన్నా, కాడలకు డబ్బులిమ్మంటావా?" అని తట్ట పక్కకు నెట్టాడు.

కారణం తర్వాత తెలిసింది. పుట్టగొడుగు ఆకుపచ్చ మొక్క కాదు. అదీ మనలాగే ప్రాణవాయువు పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. బయట గాలిలో అది పది లక్షల వంతుల్లో 420 వంతుల దగ్గర ఉంటుంది. మూసిన గదిలో బెడ్లు (గడ్డి నింపి విత్తనం వేసిన సంచులు) నిండుగా వేలాడుతుంటే అది వేలల్లోకి పోతుంది. వెయ్యి దాటేకొద్దీ కాడ సాగుతుంది, గొడుగు విచ్చుకోదు. స్పాన్, అంటే పుట్టగొడుగు విత్తనం, గడ్డిలో పాకే మొదటి రెండు మూడు వారాలు మాత్రం దానికి ఈ పట్టింపు లేదు, అప్పుడు గది మూసి ఉన్నా నష్టం లేదు. గాలి కావలసింది పిన్నులు, అంటే పుట్టగొడుగు మొలకలు, లేచే రోజు నుంచి.

ఇక ఆ 12 అంగుళాల ఫ్యాన్ రాత్రి సంగతి.

2022 రోహిణి కార్తె. కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. ఎనభై బెడ్ల పాల పుట్టగొడుగులకు కేసింగ్ మట్టి (బెడ్డు పైన పరిచే మట్టి పొర) వేసి పన్నెండు రోజులైంది. టార్చి వేసి దగ్గరగా చూస్తే మట్టిపెళ్లల మధ్యలోంచి తెల్లగా పిన్నులు లేస్తున్నాయి, కొన్ని బియ్యపు నూకంత, కొన్ని అగ్గిపుల్ల తలంత. ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్ వచ్చి తూర్పు గోడకు, సీలింగ్ కింద ఫ్యాన్ బిగించి పోయాడు. ఎదురుగా పడమటి కిటికీ తెరిచి, దానికి గోతం కట్టి, బాగా తడిపాను. తేమ మీటరులో 84 ఉంది. రాత్రి పదింటికి స్విచ్ వేసి, ఇక కాడలు సాగవని ధైర్యంగా పడుకున్నాను.

రోహిణిలో మా వైపు పడమటి గాలి కొన్ని రాత్రులు కూడా ఆగదు. తెల్లవారుజామున నాలుగున్నరకు అమ్మ లేపింది. "అబ్బయా, ఆ గదిలో ఏందిరా వడగాలి కొడతాంది, తలుపు కాడ నిలబడలేకపోతున్నా" అంది. పోయి చూస్తే గోతం అప్పడంలా ఎండిపోయి కిటికీ చువ్వలకు టపటపా కొట్టుకుంటోంది. మీటరులో 38. కేసింగ్ మట్టి పైపొర తెల్లబడి, పాత సున్నం గోడలా పెచ్చులు లేచింది. పిన్నుల కొసలు గోధుమరంగుకు తిరిగాయి. ఒకదాన్ని వేలితో తాకితే నలిగి పొడైపోయింది. టెన్షన్‌తో స్ప్రేయర్ తీసుకుని అన్నిటి మీదా నీళ్లు కొట్టాను. అది ఇంకో తప్పు. చచ్చిన పిన్ను మీద నీళ్లు నిలిస్తే కుళ్లే తప్ప లేవదు. మూడో రోజుకు పసుపు రంగుకు తిరిగి వాసన మొదలైంది. ఎనభైలో పదకొండు బెడ్లు మాత్రమే మళ్లీ పిన్ను పెట్టాయి.

ఆ వారం ఫ్యాన్ డబ్బా తీసి చదివాను. గంటకు 1,800 ఘనపు మీటర్లని రాసి ఉంది. నా గది 10×12, ఎత్తు 9 అడుగులు, అంటే 1,080 ఘనపు అడుగులు, సుమారు 30 ఘనపు మీటర్లు. నిమిషానికి ఒకసారి గదిలో గాలి మొత్తం బయటికి పోయి, రాయలసీమ మీదుగా వచ్చిన పొడి గాలి లోపలికి వస్తోందన్నమాట. ఏ గోతం తడి దానికి సరిపోతుంది? నాకు కావలసింది గంటకు ఐదారు సార్లు. దానికి 180 ఘనపు మీటర్లు చాలు. బాత్రూములకు పెట్టే 6 అంగుళాల ఫ్యానే ఎక్కువ. మీ గదిదీ ఇదే లెక్క. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి గంటకు ఆరు సార్లు వేసుకోండి, డబ్బా మీద అంకెతో పోల్చండి. అంగుళాలు చూసి కొనకండి.

అసలు నేను చెప్పాలనుకున్నది మాత్రం ఫ్యాన్ గురించి కాదు. అందరూ గాలి ఎలా పోవాలో అడుగుతారు, ఎక్కడి నుంచి రావాలో అడగరు. దారి లేకపోతే ఎంత పెద్ద ఫ్యానైనా ఉత్తినే తిరుగుతుంది, లేదంటే తలుపు కింది సందులోంచి దుమ్మునూ పురుగునూ లాక్కొస్తుంది. నేను పడమటి కిటికీ ఇటుకలతో మూయించేశాను. ఉత్తరం వైపు వేపచెట్టు నీడ పడే చోట, గోడ పైభాగంలో కొత్తగా దారి తీయించాను. దానికి బయటివైపు చెక్క ఫ్రేముతో డబ్బాలా చేసి, మూడు వైపులా 40 మెష్ (అంగుళానికి నలభై కళ్లుండే) నైలాన్ వల కొట్టాను. ఇంత సన్నటి వల లేకపోతే సన్న ఈగలు చొరబడి బెడ్లలో గుడ్లు పెడతాయి. కాకపోతే వల కొడితే గాలి దారి సగానికి సగం తగ్గిపోతుంది. అందుకే కిటికీకి బల్లపరుపుగా కాకుండా డబ్బాలా కొట్టాలి, అప్పుడు వైశాల్యం పెరుగుతుంది. వల లోపల ఎయిర్ కూలరుకు వేసే తేనెపట్టు ప్యాడు, దాని మీద సన్నగా నీళ్లు కారే చిల్లుల పైపు. బయట 40 ఉన్న రోజు లోపల 31 చూశాను. పాల పుట్టగొడుగుకు 30 నుంచి 35 డిగ్రీలు సుఖం, కాబట్టి ఏసీ అక్కర్లేదు.

ఫ్యాన్ తూర్పు గోడకే ఉంది, కానీ నేల నుంచి అడుగు ఎత్తుకు దించాను. పై నుంచి వచ్చిన గాలి ర్యాకుల మధ్యగా ఏటవాలుగా దిగి కింద బయటికి పోవాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగినప్పుడు అది ఎదురు తన్నకుండా, బయటివైపు పీవీసీ ఎల్బో పెట్టి మూతి నేలకు తిప్పాను. టైమరుతో పదిహేను నిమిషాలు తిరుగుతుంది, పదిహేను నిమిషాలు ఆగుతుంది. స్విచ్ బోర్డు గది బయట పెట్టించండి, ఎర్తింగ్ తప్పకుండా చూసుకోండి. తొంభై శాతం తేమలో కరెంటుతో పని ఇది.

గాలి తిరుగుతోందా లేదా అని మీటరు చెప్పదు, అగరబత్తి చెబుతుంది. ఫ్యాన్ వేసి, వెలిగించిన అగరబత్తిని ఒక్కో ర్యాకు మూలకు పట్టుకుని నిలబడండి. మా గదిలో నైరుతి మూల కింది వరుసలో పొగ దారంలా నిటారుగా లేచి అక్కడే ఉండిపోయింది. ప్రతిసారీ ఆకుపచ్చ బూజు మొదలయ్యేది ఆ మూలనే. ర్యాకును గోడ నుంచి జానెడు ముందుకు జరిపాక పొగ కదిలింది, ఆ మూలలో బూజు తగ్గింది.

ఇంకొకటి ఇంట్లోవాళ్ల కోసం చెబుతున్నాను. ఫ్యాన్ పెట్టాక వచ్చిన మొదటి చలికాలం నేను గది గాలిని వరండాలోకి వదిలాను. అమ్మ మంచం అక్కడే. నెల తిరిగేసరికి ఆమెకు పొడి దగ్గు పట్టుకుంది, మందులు వాడినా తగ్గలేదు. డాక్టరు గారు "ఇంట్లో కొత్తగా ఏమన్నా పెట్టారా?" అని అడిగేదాకా నాకు తట్టలేదు. ఇంటికొచ్చి చూస్తే వరండాలో ఫ్రిజ్ మీద పిండి చల్లినట్టు తెల్లటి పొడి. ముత్యపు చిప్ప ముదిరితే వదిలే బీజరేణువులవి. గాలిని మనుషులు లేనివైపు తిప్పాక ఆమెకు నెమ్మదిగా తగ్గింది. గొడుగు అంచు పైకి తిరగకముందే కోసేయండి, లోపలికి పోయేటప్పుడు మంచి మాస్కు పెట్టుకోండి. ఊపిరితిత్తులు దీనికి ఒకసారి అలర్జీగా స్పందించడం మొదలుపెడితే, ఆ పని మానుకోవాల్సి వచ్చిన పెంపకందారులు ఉన్నారు.

ఈ విషయాలేవీ వీడియోల్లో చెప్పరు. చల్లటి కొండ ఊళ్లలో తీసిన వీడియో చూపించి "రెండు కిటికీలు తెరవండి చాలు" అంటారు. మన దగ్గర పొదిలి, కనిగిరి గాలి వేరు, కొత్తపట్నం గాలి వేరు. మెట్ట వైపు తడి ప్యాడు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, గాలి పొడిగా ఉంటుంది కాబట్టి. సముద్రం ఒడ్డున అప్పటికే గాలి నిండా తేమ, ప్యాడు పెట్టినా చల్లబడేది తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. అప్పుడు నేను ప్యాడుకు నీళ్లు కట్టేసి, ఫ్యాన్ ఎక్కువసేపు తిప్పుతాను. ఏడాదంతా ఒకే సెట్టింగు అని చెప్పేవాళ్ల మాట వినకండి. స్పాన్, ఫ్యాన్లు, ర్యాకులు అన్నీ కలిపి ప్యాకేజీగా అమ్మి, పండిందంతా మేమే కొంటామని కాగితం రాసిచ్చేవాళ్లనీ నమ్మకండి. మా బంధువు ఒకాయన లక్షన్నర కట్టాడు. రెండో కాపు నుంచి వాళ్లు ఫోన్ ఎత్తలేదు. సరుకు మన ఊళ్లోనే అమ్ముకోవాలి. చేపల పులుసు లేనిదే ముద్ద దిగని జిల్లాల్లో పుట్టగొడుగులకు పెద్ద గిరాకీ కార్తీక మాసంలోనే. దీపావళికి దాదాపు నెల ముందు స్పాన్ వేస్తే మొదటి కోత సరిగ్గా అందుతుంది.

మీ గది మేడ మీద అంటున్నారు. అదే నాకు బెంగగా ఉంది. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి దించుతూనే ఉంటుంది, ఏ ఫ్యానూ దాన్ని తీయలేదు. వీలుంటే కింద గది చూడండి. కుదరకపోతే స్లాబు మీద తాటాకు పందిరి వేసి, ముందు చలికాలం కాపుతో, ముప్పై బెడ్లతో మొదలుపెట్టండి. ఫ్యాన్ కొనకముందు ఒక సాయంత్రం ఖాళీ గదిలో కిటికీలు తెరిచి అగరబత్తి వెలిగించండి. పొగ ఏ వైపు నుంచి ఏ వైపుకు పోయిందో, గది ఎత్తు ఎంతో కింద రాయండి. అప్పుడు ఎంత ఫ్యాన్, ఏ గోడకో చెబుతాను.