ముందు చెవి పెట్టి విను

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు ఫోనులో అడిగినదానికి ఫోనులోనే జవాబు చెప్పవచ్చు గాని, ఒకవైపు నీ కుట్టుమిషను, మరోవైపు చిన్నదాని అల్లరి. నేను చెప్పేదానిలో సగం నీకు చేరదు. అందుకే రాస్తున్నాను. బేరాలు లేని పూట తీరికగా చదువుకో.

"పిల్లలు చూసే గేమ్ వీడియోలు మంచివో కావో నాకెలా తెలుస్తుంది పెదనాన్నా, నాకు ఆ ఆటలు ఒక్కటీ రావు" అన్నావు. ఎవరో గేమ్ ఆడుతూ, మాట్లాడుతూ యూట్యూబ్‌లో పెట్టే వీడియోలే కదా, వాటిని తూచడానికి ఆట రానక్కరలేదు. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన నాకూ రావు. మా అబ్బాయి, కోడలు ఉద్యోగాలకని చెన్నై వెళ్ళాక మనవలిద్దరూ ఇక్కడ విజయనగరంలో మా దగ్గరే పెరుగుతున్నారు. వాళ్ళ పక్కన కూర్చుని ఇవన్నీ చూడక తప్పలేదు. ఆడటం రాకపోయినా, ఏది ఇంట్లోకి రానివ్వాలో ఏది గుమ్మం బయటే ఆపాలో ఇప్పుడు చాలావరకు చెప్పగలను.

ముందుగా ఒక పని చెయ్యి. మీ పదకొండేళ్ళ బాబు చూసే వీడియో పెట్టి, ఫోను బల్ల మీద బోర్లించు. బొమ్మ కనపడకుండా ఐదు నిమిషాలు మాట మాత్రం విను. బొమ్మ చూస్తే మన దృష్టంతా తుపాకుల మీద, పేలుళ్ళ మీద ఉంటుంది. ఆ ఆడేవాడు ఏమంటున్నాడో మనకు పట్టదు. పిల్లలకు పట్టేది అదే. రోజూ గంటసేపు ఒక పాతికేళ్ళ కుర్రాడు మన ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నాడనుకో, వాడి నోరెలాంటిదో చూడకుండా ఉంటామా? ఓడిపోతే ఏమంటాడు, తోటి ఆటగాణ్ణి ఎలా పిలుస్తాడు, ఆడపిల్ల గొంతు వినబడితే ఏం కూస్తాడు, ఇవి విను. గేమ్ ఏదైనా సరే, నేను మొదట చూసేది ఇదే.

మన ప్రాంతంలో దీనికొక చిక్కుంది. పిల్లలు చూసే ఛానెళ్ళలో చాలావరకు హిందీవి. మనకు హిందీ అంతంతమాత్రం. మా చిన్న మనవడు క్యారమ్ ఆడుతూ ఎర్రకాయ చేజారినప్పుడల్లా ఏదో హిందీ ముక్క అనేవాడు. మా ఆవిడకు అది ముద్దుగానే వినిపించేది. పక్క వాటాలో అద్దెకున్న బీహారు రైల్వే కుర్రాడు ఒకరోజు అది విని, మొహం ఎర్రబడి, నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. తల్లిని తిట్టే బూతు అది. మనవడికి మాత్రం దాని అర్థమే తెలియదు. ఓడినప్పుడు అందరూ అనే మాట కాబోలు అనుకున్నాడు. తెలుగు వీడియోలో అలాంటి మాట వస్తే నువ్వు మిషను ఆపి మరీ లేచి వస్తావు. హిందీలో వస్తే నీ చెవి పక్కనుంచే వెళ్ళిపోతుంది. అందుకని హిందీ వచ్చినవాళ్ళ చేత ఒక్కసారి వినిపించు. మీ వీధిలో ఉత్తరాదిన ఉద్యోగం చేసి వచ్చినవాళ్ళు ఎవరో ఒకరు ఉండకపోరు. కంప్యూటర్ అందుబాటులో ఉంటే క్యాప్షన్లు పెట్టి, ఆటో ట్రాన్స్‌లేట్‌లో తెలుగు ఎంచుకున్నా కొంత తెలుస్తుంది. ఆ తెలుగు కాస్త నవ్వు తెప్పిస్తుంది గాని, పని జరుగుతుంది. ఇంకొకటి, పిల్లవాడి చెవుల్లోని ఇయర్‌ఫోన్లు తీయించు. నీ మిషను చప్పుడుకు ఇబ్బంది అనే కదా పెట్టుకున్నాడు! మిషను ఆపిన వేళకే వీడియోలు అని చెప్పు.

ఇక వయసు సంగతి. గేముకు ఫలానా వయసు అని నిర్ణయించి ముద్ర వేసేవాళ్ళు ఉన్నారు. అమెరికాలో ఈఎస్ఆర్‌బీ 1994 నుంచి, ఐరోపాలో పెగి 2003 నుంచి ఆ పని చేస్తున్నాయి. మన ఫోనులోని ప్లే స్టోర్‌లో గేమ్ పేరు కొడితే 3+, 7+, 12+, 16+, 18+ అని ఏదో ఒకటి కనిపిస్తుంది. వీడియోలో ఆడేది ఏ గేమో తెలియకపోతే కింద డిస్క్రిప్షన్ తెరువు, చాలాసార్లు అక్కడ గేమ్ పేరు విడిగా ఉంటుంది. ఇది అర నిమిషం పని, తప్పకుండా చెయ్యి. అయితే అక్కడితో తీర్పు చెప్పేయకు. ఆ ముద్ర గేముకు వేసినది. దాన్ని ఆడుతూ ఎవరో నోటికొచ్చినట్టు మాట్లాడిన వీడియోకు వేసినది కాదు. మైన్‌క్రాఫ్ట్‌కు పెగి ఇచ్చిన వయసు 7, అది దిమ్మలతో ఇళ్ళూ ఊళ్ళూ కట్టుకునే గేమ్. ఆ చతురస్రపు దిమ్మల మధ్యనే చెవులు మూసుకోవలసిన మాటలు మాట్లాడేవాళ్ళను నేను విన్నాను. అటు చూస్తే జీటీఏ 5 పక్కా 18 ఏళ్ళవాళ్ళ గేమ్. అందులో కార్లను కొండ మీదనుంచి దూకించి నవ్వుకునే వీడియోలు పైకి పసిపిల్లల బొమ్మల్లాగే ఉంటాయి. అలాగని రెండో రకానికి తలుపు తెరవమని కాదు. ఈ వారం కారు దూకించినవాడే వచ్చే వారం అదే గేములో పోలీసులను కాలుస్తాడు. పిల్లవాడు ఒక్క వీడియోతో ఆగడు, ఆ మనిషి వెంట పోతాడు. కాబట్టి ఛానెల్‌లోకి వెళ్ళి పాత వీడియోల బొమ్మలూ పేర్లూ ఒకసారి కిందిదాకా చూడు.

పబ్‌జీ నిషేధించారన్నారు కదా, మళ్ళీ ఎక్కడనుంచి వచ్చిందని అడిగావు. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో, అలాంటి కాల్పుల గేమే అయిన ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో నిషేధించారు. పబ్‌జీ బదులు 2021లో, దాని మన దేశపు రూపంగా, బీజీఎంఐ వచ్చింది. అదీ మధ్యలో ఆగి, 2023లో మళ్ళీ మొదలైంది. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఉండనే ఉంది. బీజీఎంఐలో దెబ్బ తగిలితే రక్తం ఆకుపచ్చగా కనిపిస్తుంది. అది చూసి "రక్తమేమీ లేదులే" అని తల్లిదండ్రులు ఊరడిల్లుతారు. కాల్చేది మనిషినే కదా. ఆ గేములో 18 ఏళ్ళ లోపువాళ్ళు రోజుకు 3 గంటలు మించి ఆడకుండా హద్దు పెట్టారు. ఆడేవాణ్ణి చూడటానికి మాత్రం ఎవరూ ఏ హద్దూ పెట్టలేదు. అది మనమే పెట్టుకోవాలి.

తుపాకుల కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది డబ్బు. స్పిన్ వీడియోలని ఉంటాయి, అవి చూశావా? తెర మీద ఒక చక్రమో పెట్టెల వరుసో ఉంటుంది. ఒకసారి తిప్పితే కొన్ని డైమండ్లు పోతాయి. డైమండ్లంటే గేములో చెల్లే నాణేల్లాంటివి, డబ్బు పెట్టి కొన్నవి. ఆడేవాడు తిప్పుతుంటాడు, అరుస్తుంటాడు, "ఈసారి వచ్చేస్తుంది" అంటుంటాడు. చివరికి ఏ బంగారు రంగు చొక్కాయో తుపాకీకి వేసే తొడుగో వస్తుంది. కుర్చీలోంచి ఎగిరి గంతేస్తాడు. రాని స్పిన్లు చాలావరకు కత్తిరించేసి ఉంటారు. సిరిమాను పండగప్పుడు రింగులు విసిరే కొట్టు దగ్గర సబ్బుపెట్టె గెలిచినవాణ్ణే అందరూ చూస్తారు, జేబు ఖాళీ అయినవాడు గుంపులో కలిసిపోతాడు. ఇదీ అలాంటిదే. కాకపోతే ఆ కొట్టు పండగ కాగానే ఎత్తేస్తారు, ఇది రోజూ ఉంటుంది. ఏడేళ్ళ పిల్లకు సంభావ్యత చెప్పి ఒప్పించలేం. అందుకని స్పిన్ వీడియోలు ఈ వయసులో వద్దే వద్దు. దీనిలో నాకు రెండో మాట లేదు.

దానికి చుట్టమే "ఉచిత డైమండ్లు" అనే వీడియో. కింద ఒక లింకు ఉంటుంది. నొక్కితే లాగిన్ వివరాలు అడుగుతుంది, లేకపోతే ఓటీపీ అడుగుతుంది. పిల్లవాడి చేతిలో ఉన్నది నీ ఫోనో మీ అత్తగారి ఫోనో అయితే బ్యాంకు మెసేజ్‌లు వచ్చేది దానికే. అలాంటిదేదైనా జరిగితే ఇంట్లో పంచాయితీ పెట్టి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోను చెయ్యి. సైబర్ మోసాల ఫిర్యాదులకు పెట్టిన నంబరు అది. ఆలస్యమైనకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

రమ్మీ, పందేల యాప్‌ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. పాత వీడియోల్లో ఆ ప్రకటనలు ఇంకా మిగిలి ఉండవచ్చు. మధ్యలో ఆట ఆపి "ఈ యాప్ వేసుకోండి, నేను ఇంత గెలిచాను" అన్నవాడు కనిపిస్తే ఆ ఛానెల్ మొత్తం పక్కన పెట్టు. పిల్లలు చూస్తారని తెలిసీ అది అమ్మినవాడు రేపు ఇంకేదైనా అమ్ముతాడు.

లైవ్‌లు వేరే సంగతి, అవి ఆడుతుండగానే అప్పటికప్పుడు చూపించేవి. రికార్డు చేసిన వీడియోను నువ్వు ముందుగా చూసుకోవచ్చు. లైవ్‌లో వచ్చే నిమిషం ఏమవుతుందో ఆడేవాడికే తెలియదు. పక్కన చాట్ పరుగెడుతుంటుంది. డబ్బు కట్టినవాళ్ళ పేరు గట్టిగా చదువుతారు. తన పేరు వినాలని పిల్లలకు ఎంత ఉబలాటమో! "ఐడీ పెట్టండి, నాతో ఆడదురుగాని" అంటారు, టెలిగ్రామ్ గ్రూపులోకి రమ్మంటారు. అక్కడ ఎవరుంటారో మనకు తెలియదు. పదకొండేళ్ళవాడికి లైవ్ అనవసరం.

వీడియో చూసేటప్పుడు మొదటి రెండు నిమిషాలు చూసి వదిలేయకు. అక్కడ అందరూ మర్యాదస్తులే. నడిమికి జరుపు, తరువాత చివరికి జరుపు. ఓడిపోతున్న చోట ఆగు. కామెంట్లలో కొత్తవి పైకి వచ్చేలా పెట్టి కొన్ని చదువు. ఆ ఇంటికి ఎలాంటి చుట్టాలు వచ్చిపోతున్నారో తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు మరమ్మతు. బాబు చూసేది మీ ఆయన వదిలి వెళ్ళిన పాత ఫోను. అందులో ఉన్నది మీ ఆయన ఖాతా. అంటే యూట్యూబ్ లెక్కలో అక్కడ కూర్చున్నది ఒక పెద్దమనిషి. పెద్దల వయసు అడ్డం పెట్టిన వీడియోలు కూడా తలుపు తీసుకుని వచ్చేస్తాయి. ముందు ఆ ఖాతా తీసెయ్యి. చిన్నదానికి యూట్యూబ్ కిడ్స్ వేసి, 5 నుంచి 8 ఏళ్ళ విభాగం పెట్టు. ఇంకా గట్టిగా కావాలంటే నువ్వు ఒప్పుకున్న ఛానెళ్ళు మాత్రమే వచ్చేలా కూడా పెట్టవచ్చు. బాబుకు నీ ఖాతా కింద పర్యవేక్షణ ఖాతా తెరిచి 9+ ఎంచుకో. అందులో లైవ్‌లు, కామెంట్లు రావు. 13 ఏళ్ళు నిండకుండా సొంత ఖాతా ఇవ్వకూడదని యూట్యూబ్ నియమమే ఉంది. ఆటోప్లే ఆపెయ్యి. నచ్చని ఛానెల్ వస్తే మూడు చుక్కలు నొక్కి, దాన్ని మళ్ళీ చూపించవద్దని చెప్పు. ఇవి చేశాక కూడా కొన్ని జారిపోతాయి, యంత్రం వేసే వల అది. అందుకే వారానికోసారి హిస్టరీ తెరిచి చూడు. చాటుగా వద్దు, వాడి పక్కన కూర్చునే చూడు.

ఇద్దరూ ఒకే ఫోను ముందు కూర్చుంటారు కదా, తీర్పు ఎప్పుడూ చిన్నదాని వయసుకే చెప్పాలి. అన్న కోసం పెట్టింది చెల్లెలూ చూస్తుంది.

ఇన్ని చెడ్డలు చెప్పానని అన్నీ మూసేయకు. మంచివి నిజంగా మంచివి. మైన్‌క్రాఫ్ట్‌లో తనంతట తెరుచుకునే తలుపు కడుతూ ఒక తెలుగు కుర్రాడు చేసిన వీడియో మా పెద్ద మనవడు చూపించాడు. రెడ్‌స్టోన్ అని ఒక పొడి ఉంటుందట, తీగలాగా సంకేతం మోస్తుంది. మొదట తలుపు తెరుచుకోలేదు. "ఎక్కడ తేడా వచ్చిందో చూద్దాం" అని ఆ కుర్రాడు వెనక్కి వెళ్ళి ఒక్కొక్క గడీ లెక్కపెట్టాడు. ఆ సంకేతం గడి గడికీ ఒక మెట్టు తగ్గుతుంది, 15 గడుల తరువాత ఉండదు, ఆపైకి పోవాలంటే మధ్యలో సంకేతానికి మళ్ళీ బలమిచ్చే రిపీటర్ పెట్టాలి. నేను పదో తరగతికి విద్యుత్తు చెప్పినన్నాళ్ళూ ఇలాంటిదొకటి చేతిలో ఉంటే ఎంత బాగుండేది! మనవడు అక్కడ వీడియో ఆపి, చిత్తుకాగితం మీద గడులు గీసుకున్నాడు. ఆపిన తరువాత పిల్లవాడు ఏం చేస్తాడో చూడు. కాగితం వెతుక్కుంటే ఒక రకం. ఫోను తీసుకున్నందుకు కంచం తోసేస్తే ఇంకో రకం.

వాడితో మాట్లాడేటప్పుడు "ఇందులో ఏముందిరా" అనవద్దు. అలా అంటే రేపటినుంచి నీకు చూపించడం మానేస్తాడు. "ఇతను ఇప్పుడు అటు ఎందుకు వెళ్ళాడు?" అని అడుగు. పాఠం చెప్పే అవకాశం ఇస్తే పిల్లలు నోరు విప్పుతారు.

నువ్వు పంపిన మూడు ఛానెళ్ళూ చూశాను. దిమ్మలతో ఊరు కట్టేది ఉంచు, ఆ అబ్బాయి నోరు శుభ్రంగా ఉంది. కార్ల ఛానెల్‌లో పాత వీడియోలు కొన్ని ఫరవాలేదు గాని, ఈ మధ్యవి అన్నీ కాల్పులే, కాబట్టి వద్దు. మూడోది స్పిన్లు తిప్పేది, తీసెయ్యి. అది తీసేస్తే బాబు అలుగుతాడు. ఆదివారం సాయంత్రం వాడి చేతికి ఫోను ఇవ్వు, నేను మాట్లాడతాను. రింగుల కొట్టు కథ వాడికి ఇంకా చెప్పలేదు.

మీ అత్తగారిని అడిగినట్టు చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న