టెక్ సందేహాలు: యాప్‌కు చెవులు లేవు

ప్రశ్న: తాడికొండ దగ్గర పొలానికి వెళ్లి వచ్చినప్పటి నుంచి మా ఫోర్ వీల్ డ్రైవ్ బండి మలుపు తిరిగినప్పుడల్లా కింద టక్కుటక్కుమంటోంది. బ్లూటూత్ స్కానర్ తగిలించి చూస్తే యాప్‌లో లోపమేమీ కనిపించలేదు. ఇంతకంటే మంచి యాప్ ఏదైనా చెప్పగలరా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వానలు మొదలైతే చాలు, ఇదే ప్రశ్న స్క్రీన్‌షాట్‌తో సహా వచ్చి పడుతుంది. సెన్సర్లు బండిలోని కంప్యూటర్‌కు చేరవేసిన సంగతులే యాప్ చదువుతుంది. గ్రీజు ఎండిన జాయింటు తన బాధ చెప్పుకోవడానికి అక్కడ సెన్సరే లేదు.

నల్లరేగడి బురదలో వేసిన ఫోర్-హైని, అంటే నాలుగు చక్రాలకూ శక్తి అందించే మోడ్‌ను, తారురోడ్డు ఎక్కాక తీశారా? మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. మధ్యలో డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) లేని బండిలో ఆ తేడా సర్దుకునే చోటు లేక షాఫ్టులు మెలిపడి, టైరు జారినప్పుడల్లా టక్కుమంటాయి. టూ-హైకి, అంటే రెండు చక్రాలకే శక్తి అందే మోడ్‌కు మార్చి, నాలుగడుగులు వెనక్కి నడిపితే ఆ బిగువు వదులుతుంది. పూర్వం దీనికి చేత్తో లాగే లివరు ఉండేది; ఇప్పుడు ఒక గుండ్రటి మీట, గోరంత దీపం. సీటుబెల్టు పెట్టుకోకపోతే ప్రాణం తీసేలా మోగే బండ్లలో చాలా వాటికి ఈ విషయంలో మాత్రం నోరు పెగలదు.

అప్పటికీ ఆగకపోతే, ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా నడపండి. అప్పుడు టకటకలాడితే ముందు యాక్సిల్ సీవీ జాయింటును (చక్రం పక్కకు తిరిగినా దానికి శక్తి అందించే కీలును) అనుమానించాలి; రబ్బరు బూటు చిరిగి, చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటుంది. గేరు రివర్సులో పడగానే ఒక్క దెబ్బ వినిపిస్తే ప్రొపెల్లర్ షాఫ్టు (గేరుబాక్సు వైపు నుంచి యాక్సిల్‌కు శక్తి చేరవేసే పొడవాటి కడ్డీ) చివరి కీలులోని క్రాసు అరిగి ఉండవచ్చు.

నన్ను నిజంగా కలవరపెట్టేది చప్పుడు కాదు, స్టీరింగు కింద మీరు తగిలించి వదిలేసిన ఆ స్కానరు. బండి తాళం వేసినా ఆ సాకెట్‌కు బ్యాటరీ కరెంటు అందుతూనే ఉంటుంది. చవక స్కానర్లలో చాలా వాటిని ఫోనుతో జత చేసే పిన్ నంబరు 1234 లేదా 0000. సిమ్ ఉన్న ఇలాంటి పరికరానికి ఎస్ఎంఎస్ పంపి, నడుస్తున్న కారు బ్రేకులనే అదుపులోకి తీసుకోవచ్చని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో పరిశోధకులు 2015లోనే చూపించారు. మీది బ్లూటూత్ కనుక ఆ పనికి మనిషి దగ్గరికి రావాలి. అయితే అపార్ట్‌మెంటు సెల్లారులో రాత్రంతా ఎవరు తిరుగుతున్నారో మీకు తెలుసా? పైగా ఆ యాప్ లొకేషన్ అడిగిందంటే, ఆండ్రాయిడ్ 11 వరకు బ్లూటూత్ పరికరాన్ని వెతకడానికి అది అవసరమే. కాంటాక్టులు అడిగితే మాత్రం వెంటనే తీసేయండి.

స్కానరు ఊడదీసి ఆటోనగర్‌కు వెళ్లండి. పొడవాటి స్క్రూడ్రైవరు మొన హౌసింగుకు, పిడి చెవికి ఆనించి వినే పెద్ద మేస్త్రీలు అక్కడ ఇంకా ఉన్నారు. అలాంటి మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని, చప్పుడు వచ్చే మలుపులోనే బండి తిప్పి చూపండి.