టోలీచౌకిలో ఉంటున్న కొత్త రచయిత్రికి

అమ్మా, వందనాలు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. ‘నా ముస్లిం స్నేహితురాలు’ అని పేరు పెట్టావు. రాయడం ఇదే మొదటిసారని, తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పమని అడిగావు. రెండుసార్లు చదివాను. నీకు రాయడం వచ్చు, అందులో నాకు అనుమానం లేదు. కానీ దీన్ని ఇప్పుడే ఏ పత్రికకూ పంపొద్దు. ఎందుకో చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి. కొంచెం పెద్ద సంగతి, ఓపిగ్గా చదువు.

చాలా ఏళ్ల కిందట మేం మల్లేపల్లిలో అద్దెకుండేవాళ్లం. ఎదురు వాటాలో ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆవిడ నాకంటే ఆరేడేళ్లు పెద్ద, నేను ‘ఆపా’ అనేదాన్ని, ఆవిడ నన్ను ‘టీచర్’ అనేది. రంజాన్ పండక్కి వాళ్లింటి నుంచి షీర్ ఖుర్మా వచ్చేది, క్రిస్మస్‌కి మా ఇంటి నుంచి కేకూ అరిసెలూ వెళ్లేవి, ఎవరి గిన్నే వాళ్లకి ఖాళీగా తిరిగి వెళ్లేది కాదు. ఒక వానాకాలం వాళ్ల చిన్నబ్బాయికి జ్వరం తిరగబెట్టి ఆసుపత్రిలో పెట్టారు. భర్త దుబాయ్‌లో ఉన్నాడు, అందుకని రాత్రిళ్లు నేనూ తోడు వెళ్లేదాన్ని. ఒక రాత్రి ఆవిడే నా చెయ్యి పట్టుకుని, ‘మీరు కూడా దువా చేయండి టీచర్’ అంది. చేశాను. పిల్లాడు కోలుకున్నాడు.

ఆ సంగతిని, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యంగా, ఒక క్రైస్తవ మాసపత్రికకి రాసేశాను. ఆవిడ పేరు మార్చాను, అంతే. ‘చీకటిలో ఉన్న ఒక తల్లి’ అని మొదలుపెట్టి, పిల్లాడి జబ్బు, ఇంట్లో డబ్బుకి ఇబ్బంది, ఆవిడ ఏడుపు, అన్నీ పెట్టేశాను. చర్చిలో చాలామంది నా దగ్గరికి వచ్చి మెచ్చుకున్నారు. ఆ పత్రిక మా టీపాయ్ మీద ఉండగా వాళ్ల పెద్దమ్మాయి చూసింది. బడిలో తెలుగు చదువుకున్న పిల్ల. ఆ ఏడాది బక్రీద్‌కి మా ఇంటికి ఏమీ రాలేదు.

వారం తర్వాత నేనే వెళ్లాను. ఆవిడ కోప్పడలేదు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ‘ఏం రాశారో నాకు చదివి చెప్పండి’ అంది. నాకొచ్చిన అంతంత మాత్రం ఉర్దూలో ఒక్కో వాక్యం చెప్పడం మొదలుపెట్టాను. ‘చీకటి’ అన్న మాట దగ్గరే నోరు పెగల్లేదు. తెలుగులో అంత ధైర్యంగా రాసిన మాటని ఆవిడ మొహం చూస్తూ ఆవిడ భాషలో అనలేకపోయాను. ఎలాగో చివరిదాకా చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది, ‘ఇస్‌మే మై కాఁ హూఁ, టీచర్?’ అని. ఇందులో నేనెక్కడున్నాను? నిజమే కదా. నాలుగు పేజీల్లో ఆవిడ ఏడవడం తప్ప ఒక్క ముక్క మాట్లాడలేదు. రాత్రంతా తస్బీ, అదే జపమాల, తిప్పుతూ కూర్చున్న మనిషి, ఆసుపత్రి వరండాలో చాప పరుచుకుని నమాజు చేసిన మనిషి. అదేదీ రాయలేదు. దేవుణ్ణి అడిగింది నేనొక్కదాన్నే అన్నట్టు రాశాను.

‘నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు.’ సండే స్కూల్లో బట్టీ పట్టిన ఆజ్ఞ. అది కోర్టు బోనులో నిలబడేవాళ్ల కోసం అనుకునేదాన్ని. మన సంఘాల్లో మైకు పట్టుకుని చెప్పే సాక్ష్యానికి కూడా అదే ఆజ్ఞ వర్తిస్తుందని ఆ రోజే అర్థమైంది. ఆవిడ నన్ను క్షమించింది. ఆ తర్వాత పదేళ్లు అక్కడే ఉన్నాం, గిన్నెలు మళ్లీ అటూ ఇటూ తిరిగాయి. కానీ ఇంట్లో బాధేదైనా ఉంటే నాతో చెప్పేముందు ఆవిడ ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడం చివరిదాకా పోలేదమ్మా.

ఇప్పుడు నీ వ్యాసం సంగతి. ‘ఆత్మల సంపాదన’, ‘కోత’, ‘ఈ కుటుంబాన్ని ప్రభువు నా చేతికి అప్పగించాడు’ లాంటి మాటలు పేజీకి రెండు మూడు ఉన్నాయి. చర్చిలో పెరిగిన మనకి ఇవి తప్పుగా అనిపించవు. నీ స్నేహితురాలి చెవిలో ఎలా వినిపిస్తాయో ఆలోచించు. నిన్ను టీకి పిలిచిన మనిషి పొలంలో పంట ఎలా అవుతుంది?

రెండో పేజీలో ‘ముస్లింలు ఎవరినీ తొందరగా నమ్మరు’ అని ఒక వాక్యం ఉంది. ఏ ముస్లింలు? నువ్వుండే టోలీచౌకిలోనే, పారామౌంట్ కాలనీ వైపు నాలుగడుగులు వేస్తే సోమాలియా నుంచి, సూడాన్ నుంచి, యెమెన్ నుంచి వచ్చినవాళ్లు కనిపిస్తారు. బార్కస్‌లో ఉన్నవాళ్ల తాత ముత్తాతలు నిజాం సైన్యంలో చేరడానికి అరబ్బు దేశం నుంచి వచ్చినవాళ్లు, బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయింది. దారుల్‌షిఫా వైపు షియాలు, చంచల్‌గూడలో మహదవీ శాఖవాళ్లు. ఆంధ్ర జిల్లాలకి వెళ్తే ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులవాళ్లు. వీళ్లందరినీ ఒక్క వాక్యంలో కట్టేయలేవు. నీకు తెలిసింది ఒక్క మనిషి, మూడో అంతస్తులో ఉండే ఆవిడ. ఆవిడ గురించే రాయి.

ఆవిడ విశ్వాసం గురించి రాసేటప్పుడు ఊహించి రాయకు, వెళ్లి అడుగు. ‘వాళ్లకి యేసు ఎవరో తెలియదు’ అన్నావు. వాళ్లకి ఆయన ఈసా. ఖురాన్‌లో 19వ సూరా, అంటే అధ్యాయం, పేరే మర్యమ్, అదే మన మరియ. ఖురాన్ మొత్తంలో పేరు పెట్టి చెప్పిన స్త్రీ ఆమె ఒక్కరే. యేసు కన్యకు పుట్టాడని, మళ్లీ వస్తాడని వాళ్లూ నమ్ముతారు. దేవుని కుమారుడని ఒప్పుకోరు, సిలువ మీద చనిపోయాడని కూడా ఒప్పుకోరు. ఈ తేడా చిన్నది కాదు, నువ్వు దాచొద్దు, ఆవిడ దాచాలని కూడా కోరుకోవద్దు. మనం ఎక్కడ కలుస్తామో, ఎక్కడ విడిపోతామో తెలిసి రాస్తే వ్యాసానికి బలం వస్తుంది.

మార్టిన్ గురించి నీకు చెప్పాలి. హెన్రీ మార్టిన్ 1806లో ఈస్ట్ ఇండియా కంపెనీ చాప్లిన్‌గా, అంటే వాళ్ల పాదిరీగా, మన దేశానికి వచ్చాడు, 1812లో 31 ఏళ్లకే చనిపోయాడు. ఆ కొద్ది కాలంలోనే కొత్త నిబంధనని ఉర్దూలోకి, పారసీకంలోకి తెచ్చాడు. ఒంటరిగా కాదు. ఇక్కడ మిర్జా ఫిత్రత్, ఇరాన్‌లోని షిరాజ్‌లో మిర్జా సయ్యద్ అలీ పక్కన కూర్చుని పని చేశారు. సువార్త వాక్యం సరిగా పడటానికి పొరుగు భాష మనుషుల చెవి కావాల్సి వచ్చింది. ఆయన పేరు మీదే 1930లో లాహోర్‌లో ఒక సంస్థ పెట్టారు, ముస్లింల మధ్య పనిచేసే క్రైస్తవులకు శిక్షణ ఇవ్వడానికి. అది 1971లో మన హైదరాబాద్‌కి వచ్చింది. కాలం గడిచేకొద్దీ రెండు మతాలవాళ్లూ ఒకరినొకరు అర్థం చేసుకోవడం, గొడవలు పడ్డచోట సఖ్యత కుదర్చడం దాని ముఖ్యమైన పని అయ్యాయి. శివరాంపల్లిలో ఉంది, లైబ్రరీ ఉంది. ఒక రోజు సెలవు పెట్టి వెళ్లి కూర్చో.

అలాగని నీ విశ్వాసం మూట కట్టి అటక మీద పెట్టమని నేను చెప్పడం లేదు. నాకు యేసు ప్రభువే అంతా, నీకూ అంతే. మత ప్రచారం చేసుకునే హక్కు మన రాజ్యాంగం 25వ అధికరణమే ఇచ్చింది. ఆవిడ అడిగితే సూటిగా చెప్పు. పేతురు తన మొదటి పత్రికలో చెప్పింది కూడా అడిగినవాళ్లకి సాత్వికంగా జవాబు చెప్పమనే. కానీ పైకి స్నేహం, లోపల ఇంకో లెక్క అన్నట్టు ఉంటే ఆవిడకి తెలిసిపోతుంది, చదివేవాళ్లకీ తెలిసిపోతుంది. ఇంకో మాట, ఆవిడ కూడా నిన్ను తన దీన్‌లోకి, అంటే తన మతంలోకి, పిలవొచ్చు. మన తెలంగాణలో దావత్ అంటే విందు, ఉర్దూలో దావత్ అంటే తమ మతంలోకి పిలవడం కూడా. ఆవిడ పిలిచిన రోజు నువ్వు మొహం చిన్నబుచ్చుకోకుండా వింటే, నీ మాట వినమని అడిగే హక్కు నీకూ ఉంటుంది. ఆ సంభాషణ జరిగితే అది రాయి, ఇద్దరి మాటలూ రాయి, నీవే గెలిచే మాటలు కాకుండా.

కొన్ని చిన్న విషయాలు. ప్లమ్ కేక్‌లో రమ్ము వేసి ఉంటే వాళ్లింటికి పంపకు, వేయనిది విడిగా చేయించి, చేయించానని చెప్పి ఇవ్వు. రంజాన్ నెలలో సాయంత్రం ఇఫ్తార్ వేళకి తలుపు కొట్టి కబుర్లు పెట్టుకోకు, పిలిస్తే మాత్రం తప్పకుండా వెళ్లు. ఆవిడ ఇంటి లోపలి సంగతులు, ముఖ్యంగా అత్తగారి గురించి నీతో చెప్పినవి, ఆవిడ సరేనంటే తప్ప కాగితం మీదకి రాకూడదు. పేరు మారిస్తే చాలనుకోకు. మూడో అంతస్తు, కుట్టు మిషను, కవల పిల్లలు అని రాస్తే ఆ వీధిలో అందరికీ తెలిసిపోతుంది.

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చిన చోటు ఏడో పేజీలో ఉంది. లుక్మీకి, అదే మన హైదరాబాదీ కీమా సమోసాకి, పిండి కలుపుతూ ఆవిడ నీ చేతి మీద చెయ్యి పెట్టి ‘ఇంత గట్టిగా కాదు, పిండికి ఊపిరాడాలి’ అంటుంది చూడు, అక్కడ. ముందున్న ఆరు పేజీలూ తీసెయ్, అక్కణ్ణుంచి మొదలుపెట్టు. రాశాక ముందు వాళ్లింటికి వెళ్లి ఆవిడకి చదివి వినిపించు. నువ్వు ఎక్కడ తడబడ్డావో పెన్సిల్‌తో గీత పెట్టుకో, ఆవిడ ఏమందో పక్కన రాసుకో. ఆ గీతలతో సహా నాకు పంపు.

ప్రేమతో,
నీ టీచరమ్మ