రెండు రూపాయల వడ్డీతో విహారయాత్ర వద్దు, పుస్తకాలు మాత్రం కొనుక్కో

ప్రశ్న: మాది రాయగడ. డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు అయిపోయాయి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం కానీ బడిలో ఒడియా చదువుకున్నాను. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది. ఈ వేసవిలో తెలుగు కథలు, నవలలు బాగా చదవాలని ఉంది. నాన్నగారు కాగితం మిల్లులో పనిచేస్తారు, చేతికి నెలకు 26,000 వస్తుంది. చాలా ఏళ్ల తర్వాత నలుగురం కలిసి అరకు, సింహాచలం, అన్నవరం చూసి, పార్వతీపురంలో అమ్మమ్మ దగ్గర కొన్నాళ్లు ఉండి రావాలనుకుంటున్నాం. ఖర్చు 45,000 అవుతుందని లెక్క వేశాం. కారు అద్దె 22,000, లాడ్జీలు 12,000, తిండికి 8,000, మిగతా వాటికి 3,000. నాన్నగారి దగ్గర 15,000 ఉన్నాయి. తక్కువ పడిన 30,000 ఫోన్‌లో యాప్ ద్వారా అప్పు తీసుకుంటానంటున్నారు. నెలకు 3,100 చొప్పున ఏడాది కట్టాలి, ‘రెండు రూపాయల వడ్డీయే కదా’ అంటున్నారు. నా దగ్గర కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ 12,000, ట్యూషన్లు చెప్పి దాచుకున్న 6,500 ఉన్నాయి. అంతా ఇచ్చేస్తే అప్పు తగ్గుతుంది కదా? ఇలాంటప్పుడు పుస్తకాలకు 3,000 పెట్టాలంటే తప్పు చేస్తున్నట్టు అనిపిస్తోంది. నాన్నగారి జీతంలో ఎల్‌టీఏ (సెలవుల్లో ప్రయాణాలకు కంపెనీ ఇచ్చే భత్యం) ఉందట, దానికేమైనా చేయాలా?

జవాబు: అమ్మా, నువ్వు రాసిన అంకెల్లో పుస్తకాల 3,000 చాలా చిన్నది. నీకు తప్పుగా కనిపిస్తున్నది మాత్రం అదే. ఇళ్లలో ఇలాగే జరుగుతుంది. పెద్ద ఖర్చులు అందరూ కలిసి నిర్ణయిస్తారు కాబట్టి వాటినెవరూ ప్రశ్నించరు. ఒక్కరి కోరికగా ఉన్న చిన్న ఖర్చు ముందు తెగిపోతుంది. అందుకే ఆ 3,000 ఈ రోజే పక్కన పెట్టెయ్యి. మిగతా లెక్క ఆ తర్వాత చూద్దాం.

ముందు అప్పు సంగతి. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం అని మనందరికీ తెలిసిన లెక్క. అది మిగిలి ఉన్న అసలు మీద వేస్తేనే నిజం. నువ్వు చెప్పిన 3,100లో అసలు 2,500, వడ్డీ 600. ఆరు నెలలు కట్టాక మిగిలేది 15,000 మాత్రమే, వడ్డీ మాత్రం అదే 600. ఆఖరి నెలలో మిగిలే అసలు 2,500. దాని మీద కూడా 600! ప్రతి నెలా అసలు తగ్గుతున్నా, వడ్డీ చివరిదాకా మొత్తం 30,000 మీదే వేస్తున్నారన్నమాట. తగ్గే అసలు మీద నిజంగా రెండు రూపాయల వడ్డీ అయితే నెలకు సుమారు 2,837 కడితే సరిపోవాలి. ఈ అప్పుకు అసలైన వడ్డీ ఏడాదికి 41–42 శాతం పడుతోంది. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే ఇంకా పెరుగుతుంది. ఏడాదిలో కట్టే వడ్డీ 7,200. నీ పుస్తకాల ఖర్చుకు రెండింతల కంటే ఎక్కువ.

నాన్నగారికి ఈ లెక్క కాగితం మీద రాసి చూపించు. ఆయన పొరపాటు చేశారన్నట్టు కాకుండా, ఇద్దరూ కూర్చుని చూసుకుంటున్నట్టు మాట్లాడు. పిల్లల్ని నాలుగు ఊళ్లు తిప్పాలన్న తండ్రి కోరిక మంచిది, దాన్ని చిన్నబుచ్చకూడదు. కానీ మూడు, నాలుగు నెలలకే ప్రయాణం పాత జ్ఞాపకమైపోతుంది, వాయిదా మాత్రం ఏడాది పొడుగునా జీతంలో దాదాపు ఎనిమిదో వంతు తినేస్తుంది. రేపు నువ్వు పీజీకి విద్యారుణం అడిగితే బ్యాంకు నాన్నగారిని కూడా సహ రుణగ్రహీతగా చేరుస్తుంది, పాత అప్పులు ఎలా కట్టారో చూపే ఆయన సిబిల్ రికార్డు చూస్తుంది. ఈ యాప్ వాయిదాల్లో ఒకటి రెండు ఆలస్యమైనా అది అందులోకి ఎక్కుతుంది.

అయితే యాత్ర మానుకోవాలా? అక్కర్లేదు. నీ లెక్కలో బరువంతా కారు అద్దెదే. రాయగడలో ఉన్నవాళ్లకు రైలు దారి అంత బాగా కుదిరి ఉంటే కారు ఎందుకు? రాయగడ నుంచి కోరాపుట్ వెళ్లి, అక్కడ మారి, కిరండూల్ నుంచి విశాఖ వచ్చే రైల్లో అరకులో దిగండి. ఆ దారిలో కొండలు, సొరంగాలు చూడటం కోసమే ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. కోరాపుట్‌లో రెండు రైళ్ల వేళలు కుదిరే రోజు చూసుకుని బయల్దేరండి. అరకులో ఒక రాత్రి ఉండి, ఒక్క రోజుకు వాహనం మాట్లాడుకుని బొర్రా గుహలు చూసి, విశాఖకు దిగండి. సింహాచలం దర్శనం చేసుకుని అక్కడ ఒక రాత్రి. దేవస్థానం సత్రంలో గది దొరుకుతుందేమో ముందే కనుక్కోండి. అక్షయ తృతీయ నాడు చందనోత్సవం, ఆ రోజు జనం విపరీతంగా ఉంటారు కాబట్టి ఆ తేదీ తప్పించండి. అక్కడి నుంచి విజయనగరం, బొబ్బిలి మీదుగా పార్వతీపురం. ఆ లైను నేరుగా మీ ఊరికే వస్తుంది. వెళ్లిన దారిన మళ్లీ రానక్కర్లేదు, అమ్మమ్మ ఇల్లు ఆఖరి మజిలీ అవుతుంది.

ఇప్పుడు లెక్క ఇలా వేసుకోవచ్చు. రైళ్లకు, అరకులో వాహనానికి కలిపి 5,500, రెండు రాత్రులకు గదులు 5,500, తిండికి 4,500, దర్శనాలు, చిల్లర ఖర్చులు 2,000. మొత్తం 17,500. అరకుకు శని, ఆదివారాల్లో కాకుండా వారం మధ్యలో వెళితే గదులు ఈ ధరలో దొరికే అవకాశం ఎక్కువ. అన్నవరం విశాఖకు అవతల ఉంది, దాని కోసం ఇంకో రోజు, ఇంకో గది కావాలి. మొక్కు ఏదీ లేకపోతే ఈసారి వదిలేయండి. రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచి దొరుకుతుంది. వేసవి కాబట్టి తేదీలు అనుకోగానే చేసేయండి. తత్కాల్ మీద ఆధారపడితే డబ్బూ ఎక్కువే, టెన్షనూ ఎక్కువే.

నాన్నగారి 15,000 పోగా 2,500 తక్కువ పడుతుంది. అది నీ ట్యూషన్ డబ్బులోంచి ఇవ్వు. అది నువ్వు సంపాదించిన డబ్బు, ఇంటికి ఇచ్చానన్న సంతోషం ఉంటుంది. 3,000 పుస్తకాలకు. మిగిలిన 1,000 ఖాతాలో ఉంచు.

స్కాలర్‌షిప్ 12,000 మాత్రం ముట్టుకోవద్దు. అది వచ్చే సంవత్సరం ఫీజులకు, పరీక్ష ఫారాలకు, రానుపోను ఖర్చులకు ఉన్న డబ్బు. సేవింగ్స్ ఖాతాలో ఉంటే చాలు, ఇంకెక్కడో పెట్టి పెంచాలని ఆలోచించకు. ఈ స్కాలర్‌షిప్ దానంతటదే రాదు, ఏటా జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యూవల్‌కు దరఖాస్తు చేయాలి. 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. ఆధార్‌తో లింకైన ఖాతా పనిచేస్తోందో లేదో సెలవుల్లోనే బ్యాంకుకు వెళ్లి చూసుకో.

పుస్తకాల గురించి కాస్త ఎక్కువ చెప్పాలని ఉంది. సరిహద్దు జిల్లాల్లో ఎంతోమంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగి, చదవడం రాకుండానే పెద్దవాళ్లయిపోతున్నారు. మీ అమ్మ శ్రమపడి అక్షరాలు నేర్పింది. ఆ శ్రమ నిలవాలంటే ఇంట్లో పుస్తకాలుండాలి. అలాగని మూడు వేలూ ఒక్కసారే ఖర్చు చేయకు. బడిలో తెలుగు చదవని వాళ్లకు లావుపాటి నవల మొదటి నెలలోనే విసుగు పుట్టిస్తుంది. ముందు చిన్న కథల సంపుటాలు రెండు కొను, ఒక 500 అనుకో. అవి పూర్తయ్యాకే నవల. విశాఖలో ఒక పూట పుస్తకాల షాపుకు కేటాయించి, పేజీలు తిప్పి, నీకు పట్టుబడే భాష ఉన్నవి ఎంచుకో. ఇంటికి వచ్చాక కావాల్సినవి పోస్టులో తెప్పించుకోవచ్చు. పుస్తకాల కోసం తపాలా శాఖ 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అనే సేవ నడుపుతోంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పైన పన్ను. అమ్మేవాళ్లను అందులో పంపమని అడుగు. నలుగురు స్నేహితులు కలిసి ఒకే పార్సిల్ తెప్పించుకుంటే తలా కొద్ది రూపాయలే పడుతుంది. డబ్బే అక్కర్లేనివి కూడా ఉన్నాయి. తెలుగు వికీసోర్స్‌లో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాలు ఉచితంగా చదువుకోవచ్చు. పార్వతీపురంలో ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నం అమ్మమ్మకు పైకి చదివి వినిపించు. తెలియని మాటలకు అర్థం ఆమే చెబుతుంది.

ఎల్‌టీఏ గురించి కంగారు పడక్కర్లేదు. దానికి పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంటుంది, అదీ ప్రయాణ ఛార్జీలకే. 2025–26 నుంచి కొత్త విధానంలో జీతం ఏడాదికి 12.75 లక్షల దాకా ఉన్నా పన్ను పడదు కాబట్టి నాన్నగారి జీతానికి ఆ లెక్కతో పని లేదు. అయితే టికెట్లు చూపిస్తేనే ఎల్‌టీఏ ఇచ్చే కంపెనీలు ఉంటాయి. అందుకని రైలు టికెట్లు దాచి, మిల్లు ఆఫీసులో అడగమను.

నెలకు 3,100 కట్టగలననే కదా నాన్నగారు అప్పుకు సిద్ధపడ్డారు. అందులో దాదాపు సగం, అంటే 1,500 చొప్పున, జూన్ నుంచి బ్యాంకులో ఏడాది రికరింగ్ డిపాజిట్ వేయమను. వచ్చే వేసవికి 18,000, దాని మీద వడ్డీ చేతికొస్తాయి. అప్పుడు అన్నవరం వెళ్లి వ్రతం చేయించుకోవచ్చు.

నీకు ఈ జవాబు అందేలోపే ఆయన యాప్‌లో అప్పు తీసేసుకుని ఉంటే, వాళ్లిచ్చిన ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అనే పత్రం తెరిచి చూడు. అసలైన వార్షిక వడ్డీ ఎంతో అందులో ఉండాలి. వద్దనుకుంటే జరిమానా లేకుండా తిరిగి కట్టేసే గడువు కూడా అందులోనే రాసి ఉంటుంది. ఆ గడువు చాలా తక్కువ, ఒక్క రోజే కూడా ఉండొచ్చు. గడువు మిగిలి ఉంటే అసలు, వాడుకున్న రోజులకు వడ్డీ కట్టి, అప్పు మూసేసినట్టు వాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.